మెట్టు కిర్రుమంటే వినాలి

తిరుచానూరు అనగానే అందరికీ గుర్తొచ్చేది అమ్మవారి గుడి, పద్మసరోవరం, పసుపు కుంకుమల వాసన. కొండమీద స్వామి దర్శనం చేసుకుని దిగినవాళ్లు తిరుపతి నుంచి మరో 5 కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికొస్తారు. అలమేలుమంగమ్మకు దణ్ణం పెట్టుకుని, గాజులూ బొమ్మలూ కొనుక్కుని, గంటన్నరలో మళ్లీ బస్సెక్కేస్తారు. ఊరు చూసేవాళ్లు తక్కువ. అందులోనూ ఇళ్లలోపలి మెట్లు చూసేవాళ్లు... ఎవరుంటారు చెప్పండి!

కానీ ఈ ప్రాంతంలో మెట్టంటే మామూలు సంగతి కాదు. అలిపిరి నుంచి కొండమీదికి 3,550 మెట్లు. ఒక్కోదానికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కే ఆడవాళ్లు ఈ రోజుకీ కనిపిస్తారు. మోకాళ్లపర్వతం దగ్గర మోకాళ్లమీద ఎక్కేవాళ్లూ ఉన్నారు. అన్నివేల మెట్లకు వంగి వంగి బొట్టు పెట్టే మనం, ఇంట్లో ఉన్న పదిహేను మెట్లను ఏడాదికోసారైనా వంగి చూస్తున్నామా? అవి చెక్కవైతే మాత్రం తప్పకుండా చూడాలి. ఎందుకంటే రాయి ఊరుకుంటుంది. చెక్క ఊరుకోదు. ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది, నిర్లక్ష్యం చేస్తే అలుగుతుంది.

మూలన మిద్దె మెట్లు

గుడి చుట్టుపక్కల వీధుల్లో ఇప్పుడు ఎటు చూసినా కాంక్రీటు భవనాలు, లాడ్జీలు, అపార్టుమెంట్లు. వాటి మధ్య ఇరుక్కుని ఒకటీ అరా పాతకాలపు మిద్దెలు కనిపిస్తాయి. బయట అరుగు, లోపల మందపాటి గోడలు, పైన చెక్క దూలాలు. వరండా దాటి లోపలికి వెళితే ఓ మూల చీకట్లో నిటారుగా చెక్క మెట్లు. అటూ ఇటూ రెండు పక్కదూలాలు, వాటిలో గాడి తీసి బిగించిన మెట్టు పలకలు, తరిణె పట్టిన కమ్మీలు, వాటిమీద నున్నటి చేతిపట్టు. తరాల తరబడి చేతులు జారిన చోట ఆ కర్ర అద్దంలా మెరుస్తుంటుంది. కింది మొదటి మెట్టు మాత్రం రాయి. అది అందం కోసం వేసింది కాదు. నేల చెమ్మ, చెదలు నేరుగా కర్రకు ఎక్కకుండా పెద్దవాళ్లు వేసిన అడ్డు.

ఏ ఇంట్లో అడిగినా ఆ కలప గురించి ఒకటే మాట... 'రంగూన్ టేకు' అని! బర్మా టేకు ఓడల్లో మద్రాసు రేవుకు వచ్చిన రోజుల్లో అక్కడి నుంచి ఈ వైపు ఊళ్లకూ చేరేది. అయితే అన్ని మెట్లూ రంగూన్ నుంచే వచ్చాయనుకోనక్కర్లేదు. నాటు టేకు, వేప, మద్ది, ఏగిస కూడా పాత ఇళ్లలో బాగా వాడారు. ఏ కలపో తెలుసుకోవడం మరమ్మతుకు మొదటి మెట్టు. టేకు పలకకు టేకు ముక్కే అతకాలి. వేప పలకకు వేపే నప్పుతుంది. ఒక్కో కర్ర ఒక్కోలా ముడుచుకుంటుంది కాబట్టి జాతి మారితే అతుకు నిలవదు.

అలాంటి ఓ ఇంట్లో మరమ్మతు జరుగుతుంటే చూసే అవకాశం దొరికింది. ఆ ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ ఉంది. పూజగది పైన. రోజుకు రెండుసార్లు ఎక్కాల్సిందే. మనవడేమో చేతిపట్టు మీద కూర్చుని జారుడుబండ ఆడే వయసు. రెయిలింగు ఊగుతోంది, మధ్యలో ఓ మెట్టు కాలు పెడితే లోపలికి వంగుతోంది. ఇల్లు కట్టే మేస్త్రీ వచ్చి చూసి, 'మొత్తం పగలగొట్టి సిమెంటు మెట్లు పోసేద్దాం' అన్నాడట. ఎందుకైనా మంచిదని ఆ ఇంటి కోడలు వడ్రంగిని పిలిపించింది.

'ఆచారన్నా, ఇది నిలుస్తుందా, పోతుందా? ఒక్కమాట చెప్పు.'

ఆయన జవాబు చెప్పలేదు. ఓ దబ్బనం, ఓ టార్చిలైటు తీసుకుని మెట్ల కిందికి దూరాడు. అరగంట తర్వాత దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చి అన్నాడు: 'రెండు పలకలు పోయినాయమ్మా. ఐదు కమ్మీల కుసులు వదులైనాయి. మిగతాదంతా ఇనుములాగుండాది. మెట్టు పడిపోయే ముందర చెప్తాది తల్లీ. మనమే వినం!'

చెవితో మొదలుపెట్టాలి

మెట్టు చెప్పేది వినడం పెద్ద విద్యేమీ కాదు. ఇద్దరుంటే చాలు. ఒకరు మెల్లగా ఒక్కో మెట్టూ ఎక్కాలి. ఇంకొకరు కింద నిలబడి వినాలి. ఎక్కడ కిర్రుమందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. కిర్రుమన్న ప్రతి మెట్టూ ప్రమాదం కాదు. రెండు చెక్కలు ఒకదానికొకటి రాసుకుంటే ఆ చప్పుడొస్తుంది. వేసవిలో కర్ర ముడుచుకుని సందు ఏర్పడినప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. కాలు పెడితే వంగడం, పక్కకు కదలడం, మెట్టుకూ పక్కదూలానికీ మధ్య వెలుగు కనిపించడం... ఇవీ అసలు హెచ్చరికలు.

తర్వాత దబ్బనం పని. మెట్టు వెనకవైపు, గోడకు ఆనిన చోట, నేలకు దగ్గరున్న చోట పొడిచి చూడాలి. మంచి కర్రలోకి దబ్బనం దిగదు. పుచ్చిపోయిన కర్రలోకి రొట్టెలోకి దిగినట్టు దిగుతుంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. గట్టి కర్ర ఖంగుమంటుంది. లోపల చెదలు తిన్న కర్ర బోలుగా డప్పులా మోగుతుంది.

గోడమీద సన్నటి మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు వచ్చినట్టే. గొట్టం చిదిపేసి, కిరసనాయిలు పోసి ఊరుకుంటే నాలుగు రోజుల్లో పక్కనుంచి మళ్లీ వస్తాయి. వాటి ఇల్లు ఉన్నది నేలలో. చెదల మందు వేసేవాళ్లతో నేలకూ గోడకూ కలిపి మందు పెట్టించాలి. మెట్టు కింద మెత్తటి పిండిలాంటి పొడి రాలుతుంటే, చెక్కకు గుండుసూది బెజ్జాలు కనిపిస్తే అది వేరే జబ్బు. పుచ్చు పురుగు లోపలే ఉండి తొలిచేస్తోందన్నమాట. దానికి మందును ఆ బెజ్జాల్లోకే ఎక్కించాలి. పైన వార్నిష్ కొట్టి కప్పేస్తే పురుగుకు తలుపు మూసినట్టవుతుందే తప్ప లోపలి కర్ర మిగలదు.

ఇక చేతిపట్టు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని బలంగా పక్కకు లాగి చూడండి. పట్టు తప్పిన మనిషి బరువంతా పడేది దానిమీదే. అప్పుడు ఊగకూడదు. కమ్మీల మధ్య సందు కూడా చూడాలి. అమెరికాలో ఇళ్ల నియమాల ప్రకారం 4 అంగుళాల బంతి కమ్మీల మధ్య దూరకూడదు. పసిపిల్లల తల ఇరుక్కోకుండా పెట్టుకున్న లెక్క అది. మనకు టేపు అక్కర్లేదు. అమ్మవారికి కొట్టడానికి తెచ్చిన ఒలిచిన కొబ్బరికాయ, మరీ చిన్నది కాకుండా మోస్తరుది, కమ్మీల మధ్య పెట్టి చూడండి. సులువుగా అవతలికి వెళ్లిపోతుంటే మధ్యలో ఇంకో కమ్మీ కావాలని అర్థం.

గుడి చెప్పే పాఠం

బ్రహ్మోత్సవాలకు ముందు అమ్మవారి గుడిలో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం జరుగుతుంది. తిరుమలలో అయితే ఏడాదికి నాలుగుసార్లు... ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవం, వైకుంఠ ఏకాదశులకు ముందు. గోడలు, పైకప్పు, పూజా సామగ్రి అన్నీ నీళ్లతో శుద్ధి చేసి, ఆపైన నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డకర్పూరం, గంధంపొడి, కుంకుమ, కిచిలిగడ్డ కలిపిన సుగంధ జలాన్ని అంతటా పూస్తారు. భక్తికి భక్తి, సంరక్షణకు సంరక్షణ. పాడయ్యాక బాగుచేయడం కాదు, పాడుకాకముందే తేదీ పెట్టుకుని చూసుకోవడం.

బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు అమ్మవారి రథం కదులుతుంది. పెద్ద రథాలు లాగేచోట ఎప్పుడైనా గమనించారా? అంత బరువైన చెక్క రథాన్ని ఆపడానికీ, మలుపు తిప్పడానికీ చక్రం కింద పెట్టేది ఓ చెక్క ఆపు మాత్రమే. కదిలేదాన్ని కట్టడి చేసేది సరైన చోట పెట్టిన చిన్న ముక్క. మెట్ల మరమ్మతులో కూడా కిటుకు అదే. మెట్టుకూ పక్కదూలానికీ మధ్య వదులైన సందులో సన్నటి చెక్క చీలికకు జిగురు రాసి, కింది నుంచి మెల్లగా కొడితే చాలాసార్లు కిర్రు మాయమవుతుంది. మెట్టు పలకా, నిలువు పలకా కలిసే మూలలో లోపలివైపు ఓ చిన్న చెక్క దిమ్మ అతికించి రెండు స్క్రూలు బిగిస్తే వంగడం తగ్గుతుంది.

ముందు అంత పని కూడా అక్కర్లేకపోవచ్చు. సందులో కాస్త పౌడరు చల్లి, లేదంటే పెన్సిల్ ముల్లు నూరి ఆ పొడి వేసి చూడండి. రాపిడి తగ్గితే చప్పుడూ తగ్గుతుంది. అది తాత్కాలికమే అనుకోండి. మేకు కొట్టడం మాత్రం వద్దు. మేకు నాలుగు నెలల్లో వదులై మళ్లీ కిర్రుమంటుంది. పైకి తేలిందంటే కాలికి గుచ్చుకుంటుంది. స్క్రూ అయినా ముందు బరమాతో సన్నటి బెజ్జం వేశాకే బిగించాలి. లేకపోతే ఎండిన పాత కర్ర నిలువునా చీలుతుంది.

మార్చాలా, మాసిక వేయాలా?

మెట్లు అరిగేది మధ్యలోనూ, ముందు అంచు దగ్గరా. అలా గుంట పడిన పలకను చూసి పారేయనక్కర్లేదు. జాగ్రత్తగా ఊడదీసి, తిరగేసి, అడుగు భాగాన్ని పైకి తెచ్చి బిగిస్తే కొత్త మెట్టే! తిరగేసేముందు గాడిలో సరిగ్గా కూర్చుంటుందో లేదో చూసుకుంటే సరి. అంచు మాత్రమే విరిగితే ఆ మేరకే చదరంగా కోసి, అదే జాతి కర్ర ముక్కను నార వాటం కలిసేలా అతికిస్తారు. చీరకు మాసిక వేసినట్టు. మంచి పనివాడు వేసిన మాసికను వెతికి పట్టుకోవాలి.

పలక మొత్తం మార్చాల్సి వస్తే ఓ జాగ్రత్త. కొత్తది పాతదాని మందంలోనే ఉండాలి. మెట్ల ఎత్తులు సమానంగా ఉంటే కాలు చూడకుండానే అడుగు వేస్తుంది. ఒక్కటి అర అంగుళం తేడా వచ్చినా అక్కడే తట్టుకుంటాం. మన జాతీయ భవన నియమావళి ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఏడున్నర అంగుళాలు మించకూడదంటుంది. కాలు పెట్టే వెడల్పు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదంటుంది. పాత మిద్దె మెట్లు చాలావరకు అంతకన్నా నిటారుగా ఉంటాయి. వాటిని మార్చలేం కాబట్టి చేతిపట్టు గట్టిగా ఉండటం, పైన ఓ దీపం వెలగడం మరింత అవసరం. మెట్ల సంఖ్య బేసి ఉండాలని మనవాళ్ల పట్టింపు ఎలాగూ ఉంది కాబట్టి మరమ్మతు పేరుతో లెక్క మార్చే ఆలోచన ఎవరూ చేయరు. అదీ ఒకందుకు మంచిదే!

కమ్మీ వదులైతే చాలామంది చేసే పని... ఆ సందులో ఇంకాస్త జిగురు పోయడం. పాత జిగురు మీద కొత్త జిగురు పట్టదు. కమ్మీని ఊడదీసి, కుసినీ బెజ్జాన్నీ గీకి శుభ్రం చేయాలి. వదులు ఎక్కువైతే కుసికి సన్నటి చెక్క పొర చుట్టి మళ్లీ బిగించాలి. జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికి పెద్ద పనిముట్లు లేకపోతే నులక తాడు చాలు. చుట్టూ కట్టి, మధ్యలో ఓ పుల్ల దూర్చి మెలితిప్పితే ఎంత బిగుతు కావాలంటే అంత. ఒక రోజంతా కదపకూడదు. పిల్లలున్న ఇంట్లో అదే అన్నిటికన్నా కష్టమైన పని!

కమ్మీ విరిగిపోతే పాతదాన్ని పారేయకుండా తరిణె పట్టే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. దాన్ని చూసి అచ్చం అలాంటిదే దింపుతారు. ఆ ఇంట్లో ఐదు కమ్మీల్లో నాలుగు పాతవే మళ్లీ నిలబడ్డాయి. ఒక్కటి మాత్రమే కొత్తగా చేయించారు. రెండు మెట్ల పలకల్లో ఒకటి తిరగేశారు, ఒకటి మార్చారు. మేస్త్రీ చెప్పిన సిమెంటు అక్కర్లేకపోయింది. దూలాలు మోస్తున్న ఇంట్లో మెట్లు పగలగొడితే పక్క గోడ ఎంత అదురుతుందో, ఆ అదురుకు పైకప్పు ఏమవుతుందో మళ్లీ అదొక భయం. అన్నీ లెక్క వేసుకున్నాక అవ్వ ఒక్కమాట అంది: 'మా మామగారు పట్టుకుని ఎక్కిన కర్ర ఇది. నా చేతికి అలవాటైపోయింది నాయనా.' చీకట్లో కూడా ఆ చేతికి దారి తెలుసు. కొత్త మెట్లయితే ఆ వయసులో మళ్లీ నేర్చుకోవాలి.

పండక్కి ముందు పాలిషా?

తిరుచానూరులో చెక్కపని చేయించేవాళ్లు పంచాంగం చూసుకోవాలి. ముహూర్తం కోసం కాదు, వాన కోసం! అమ్మవారి బ్రహ్మోత్సవాలు కార్తికమాసంలో. చివరిరోజు పంచమీ తీర్థానికి లక్షల మంది వస్తారు. ఊళ్లో ప్రతి ఇంటికీ చుట్టాలే. అందుకని ఆ ముందు వారంలోనే ఇంటికి రంగులు, మెట్లకు పాలిష్ పెట్టుకోవాలనిపిస్తుంది. కానీ సరిగ్గా అదే ఈశాన్య రుతుపవనాల కాలం. నవంబరులో ఇక్కడ గాలిలోనే నీళ్లుంటాయి. అప్పుడు లక్క పాలిష్ వేస్తే ఆరకముందే చెమ్మ పట్టి తెల్లగా పాలిపోతుంది. వార్నిష్ రోజుల తరబడి జిగటగా ఉండి, వచ్చిన చుట్టాల చేతులకంటుకుంటుంది.

కర్ర కూడా అప్పుడు ఉబ్బి ఉంటుంది. సందులన్నీ మూసుకుని అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మే నెల ఎండకు అసలు రంగు బయటపడుతుంది. పోనీ మేలో ఆ సందుల్ని లప్పంతో నింపేద్దామా అంటే, వానాకాలంలో కర్ర ఉబ్బి ఆ లప్పాన్ని బయటికి నెట్టేస్తుంది. అందుకే సంక్రాంతి వెళ్లాక, మార్చి ఎండలు ముదిరేలోపు ఈ పనికి మంచి అదును. బ్రహ్మోత్సవాలకు ముందు దుమ్ము దులపడం, స్క్రూలు బిగించడం, చేతిపట్టు లాగి చూడడం వరకే. అదే మన ఇంటి తిరుమంజనం అనుకుంటే సరి.

2021 నవంబరులో కుండపోత వానలకు స్వర్ణముఖి పొంగి ఈ పరిసరాలు ఎంత అల్లాడాయో ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. నీళ్లలో నానిన చెక్కను గబగబా ఎండలో పెడితే వంకర తిరుగుతుంది, పగుళ్లిస్తుంది. బురద కడిగి, తలుపులు తెరిచి, నీడలో గాలికి వారాల తరబడి ఆరనివ్వాలి. లోపల చెమ్మ ఉండగా పైన పాలిష్ వేస్తే ఆ చెమ్మ బయటికి పోలేక కర్రను కుళ్లబెడుతుంది.

పాత రంగుతో జాగ్రత్త

పాత మెట్లమీద చాలా ఇళ్లలో నాలుగైదు పొరల ఎనామిల్ రంగు ఉంటుంది. ఆకుపచ్చమీద చాక్లెట్, దానిమీద నీలం. గీకేస్తే కింద బంగారం లాంటి కర్ర ఉందని తెలిసి ఉత్సాహం ఆగదు. ఇక్కడ మాత్రం నిదానించాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగును పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. పసిపిల్లల మెదడుకు, గర్భిణులకు అది చాలా చేటు.

కాబట్టి పొడిగా రుద్దకూడదు. రంగు వదిలించే ద్రావకం రాసి మెత్తబడ్డాక గీకాలి, లేదంటే తడి చేసి రుద్దాలి. మంటతో కాల్చి తీయడం అసలే వద్దు. ముక్కుకు మంచి మాస్కు, కింద పాత గోనెపట్టా, పని అయ్యేదాకా పిల్లలు పక్కింట్లో. ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి.

రంగు పోయాక ఉప్పుకాగితం పని. మొదట 80 నంబరు, తర్వాత 120, చివర 180 లేదా 220. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు. ఎప్పుడూ నార వాటంగానే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు పాలిష్ పడ్డాక ఎత్తి చూపిస్తాయి. ఎక్కడైనా సొట్ట పడితే తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఓ క్షణం ఆనించండి. ఆవిరికి నార ఉబ్బి సొట్ట పైకి లేస్తుంది. నార తెగిపోయిన గాటుకు మాత్రం ఈ చిట్కా పనిచేయదు.

కాలికింద ఒకటి, చేతికింద ఒకటి

ఇక పాలిష్. పాతకాలపు మెరుపు లక్కది. చెట్లమీద లక్కపురుగు చేసే బంకను శుద్ధి చేసి రేకులుగా అమ్ముతారు. వాటిని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డలో దూది చుట్టి పల్చగా పూతమీద పూత రుద్దితే అదే ఫ్రెంచ్ పాలిష్. ఏటికొప్పాక బొమ్మకు తరిణెమీద రంగులద్దేదీ ఆ లక్కే. మన మెట్లకు ఏ పాలిష్ ఉందో తెలుసుకోవాలంటే కనపడని మూల స్పిరిట్ తడిపిన దూది ఆనించండి. జిగటగా వస్తే లక్క. దానికి మొత్తం గీకే పని లేదు. గీతలు పడ్డచోట స్పిరిట్, లక్క కలిపి రుద్దితే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి.

అయితే లక్కకు నీళ్లు పడవు, వేడి పడదు. చేతిపట్టుకు, కమ్మీలకు బాగుంటుంది. తడికాళ్లు పడే మెట్లకు పాలీయురెథేన్ లాంటి గట్టి పూతే మేలు. అదీ మెరిసేది కాదు, మెరుపు తక్కువగా ఉండే మ్యాట్ రకం. అద్దంలా మెరిసే మెట్టు ఫొటోలో బాగుంటుంది, అవ్వ కాలికింద బాగుండదు. మెట్లకు మైనం, నూనె రాయడం కూడా ప్రమాదమే. చేతిపట్టు మెరవాలని కొబ్బరినూనె, వేరుశెనగనూనె రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అవి ఆరని నూనెలు. దుమ్ము పట్టి నల్లగా జిడ్డుదేరతాయి. ఆరే గుణం అవిసె నూనెకుంది. కాకపోతే ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విప్పి ఆరేసి అప్పుడు పారేయాలి. స్పిరిట్ పని జరుగుతున్నంతసేపూ దగ్గర్లో దీపం, అగరొత్తి ఉండకూడదు. ఆ రెండు రోజులూ పూజ మరో గదిలో చేసుకుంటే అమ్మవారేమీ అనుకోదు.

ఇక దొరకని కర్ర

తిరుచానూరుకు పడమటగా చంద్రగిరి కోటలో రాజమహల్ ఉంది. మూడంతస్తుల ఆ భవనాన్ని రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. కలప వాడలేదు. అందుకే చెదల భయం లేకుండా శతాబ్దాలు నిలిచింది. రాజులకు ఆ స్తోమత ఉంది. మామూలు జనం ఇళ్లు మాత్రం కర్రను నమ్ముకున్నాయి. కర్రను నమ్ముకున్న ఇల్లు మనిషి చెయ్యిని నమ్ముకున్నట్టే.

ఎదురుగా శేషాచలం కొండల్లో, ఈ వైపు తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఉంది. కళ్లెదుటే ఉన్నా అది మన మెట్లకు కాదు. అనుమతి లేకుండా కొట్టడం, తరలించడం, దాచడం నేరం. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీదా ఆంక్షలున్నాయి. ఏర్పేడు మండలం మాధవమాలలో దేవతామూర్తులు చెక్కే కళాకారుల చేతుల్లో ఆ కర్ర ఎంత విలువైనదో తెలుస్తుంది. ఎవరైనా 'చవగ్గా ఎర్రచెక్క ఇప్పిస్తా, చేతిపట్టు చేయించుకో' అంటే దణ్ణం పెట్టి పంపేయడమే. కూలగొట్టిన పాత ఇళ్ల దూలాలు, తలుపులు అమ్మే దుకాణాల్లో వెతికితే మెట్టుకు సరిపడే బాగా ఆరిన టేకు దొరుకుతుంది. పాత ఇంటికి పాత కర్రే నప్పుతుంది.

అన్నిటికన్నా అరుదైపోతున్నది కర్ర కాదు, దాన్ని తెలిసిన చెయ్యి. తిరుపతిలో తితిదే నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో కొయ్య శిల్పం నేర్పుతున్నారు. దేవుడి వాహనాలకు, విగ్రహాలకు ఆ విద్య కొనసాగుతుంది. కానీ వదులైన కుసి బిగించే, అరిగిన మెట్టు తిరగేసే వీధి వడ్రంగికి పని చెప్పాల్సింది మనమే. ఊళ్లో ఏడాదికి పది ఇళ్లు పిలిస్తే ఆయన కొడుకు కూడా ఉలి పడతాడు. ఎవరూ పిలవకపోతే ప్లైవుడ్ అల్మారాలు చేసుకోవడానికి బెంగళూరో చెన్నైయో వెళ్లిపోతాడు. ఆ తర్వాత మెట్టు ఎంత కిర్రుమన్నా దాని భాష తెలిసినవాళ్లు ఉండరు.

ఇలా వెళ్లొచ్చు

తిరుపతి బస్టాండు, రైల్వేస్టేషన్ల నుంచి తిరుచానూరుకు బస్సులు, ఆటోలు రోజంతా ఉంటాయి. తిరుపతి-రేణిగుంట రైలుమార్గంలో తిరుచానూరు స్టేషన్ ఉంది. విమానంలో వచ్చేవాళ్లకు రేణిగుంట విమానాశ్రయం దగ్గర. గుడి, పద్మసరోవరం చూశాక పక్కనే జోగిమల్లవరంలోని పరాశరేశ్వరాలయానికీ వెళ్లొచ్చు. అక్కడి చోళుల కాలపు శాసనాలు చూడదగ్గవి. మరో పూట ఉంటే చంద్రగిరి కోట, శ్రీకాళహస్తి దారిలో మాధవమాల చూసుకోవచ్చు. కార్తికంలో వెళితే గొడుగు మరిచిపోవద్దు. తిరిగి ఇంటికెళ్లాక ఓ సుద్దముక్క, ఓ దబ్బనం తీసుకుని మీ మెట్లు ఒకసారి ఎక్కి దిగండి. అవేం చెబుతాయో వినండి.